పల్లపు దేశమునకు పోవువారికి

అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహలను దాటి, తాటిపూడి జలాశయమున కొంత నిలిచి, మా శృంగవరపుకోట ప్రాంతపు పల్లముల మీదుగా సాగి భీమునిపట్నము వద్ద సముద్రమున కలియును. ఆ భీమునిపట్నమున, సముద్రపు గాలికి ఎదురుగా, ఒక పాత సమాధుల తోట కలదు. సమాధులలో కొన్ని కోసుగా గోపురముల వలె లేచి యున్నవి. రాళ్ల మీది అక్షరములు ఇంగ్లీషు అక్షరముల వలెనే కన్పట్టును గాని, చదువబోయినచో ఇంగ్లీషు కాదు. మా చిన్ననాట సముద్రస్నానమునకు పోయినపుడు పెద్దలు ఆ తోటను చూపి "వలందుల సమాధులు" అని చెప్పి ముందుకు నడిచెడివారు. ఆ వలందులు ఎవరు, ఏ దేశము వారు, ఇంత దూరము వచ్చి ఇచటనే ఏల మడిసిరి అని మేమును అడుగలేదు, వారును చెప్పలేదు.

ఈ నడుమ మా కుటుంబములో ఒకరికి ఆ వలందుల దేశముననే ఉద్యోగము దొరకుటచేత, ఏప్రిలు, మే నెలలలో ఆరు వారములు అచట ఉండు అవకాశము మాకు కలిగినది. చదువులకును ఉద్యోగములకును తెలుగు పిల్లలు ఆ దేశమునకు పోవుట నేడు క్రొత్త సంగతి కాదు. వారిని చూడబోవు తల్లిదండ్రులకు అక్కరకు వచ్చు నాలుగు మాటలు చెప్పవలెనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ఆ దేశము పేరు నెదర్లాండ్సు. వారి భాషలో ఆ మాటకు పల్లపు భూమి అని అర్థము. మనము హాలెండు అనుట అలవాటు. ఆ హాలెండు అను మాటయే మన నోట వలంద అయినది. బందరులో వలందపాలెము అను పేట నేటికిని కలదు. నిజమునకు హాలెండు అను పేరు గలవి ఆ దేశపు 12 రాష్ట్రములలో రెండు మాత్రమే. తక్కిన పది రాష్ట్రముల వారికి ఆ పేరు అంతగా రుచింపదు. 2020 నుండి ఆ ప్రభుత్వము కూడ తన ప్రచారములలో హాలెండు అను పేరును విడిచి నెదర్లాండ్సు అనియే వాడుచున్నది. మనవారు అచట ఎవరితోనైన మాటలాడునపుడు ఈ సంగతి గుర్తుంచుకొనుట మంచిది.

దేశము చిన్నది. వైశాల్యమున మన ఆంధ్రప్రదేశములో నాలుగవ వంతు. అందులోను నీటి భాగము తీసివేయగా మిగులు నేల సుమారు 33,500 చదరపు కిలోమీటర్లు. ఆ నేలపై ఒక కోటి ఎనుబది లక్షల జనము నివసించుచున్నారు. రాజధాని ఆంస్టర్‌డామే గాని, ప్రభుత్వము, పార్లమెంటు మాత్రము హేగు నగరమున ఉన్నవి. రాజు ఉన్నాడు. విల్లెం అలెగ్జాండరు 2013లో గద్దె నెక్కెను. ఏప్రిలు 27 ఆయన జన్మదినము. ఆనాడు జనమంతయు నారింజ రంగు బట్టలు తొడిగి, ఇంటిలోని పాత సామానులను వీధిలో పరచి అమ్ముకొందురు. చిన్నపిల్లలు తమ బొమ్మలను పెట్టుకొని బేరములాడుట చూడ ముచ్చటగా నుండును.

కొండలను చూచి పెరిగిన మా కన్నులకు ఆ దేశము మొదట వట్టి చాప పరచినట్లు తోచినది. వారి యూరపు భూభాగమున అన్నిటికంటె ఎత్తయిన గుట్ట 322 మీటర్లు. మా ఊరి మీదుగా అరకు పోవు రైలు శిమిలిగూడ చేరునప్పటికే సుమారు వేయి మీటర్ల ఎత్తున ఉండును. ఇక పల్లము మాట చెప్పవలెనన్న, దేశములో నాలుగవ వంతునకు పైగా నేల సముద్రమట్టమునకు దిగువన ఉన్నది. మనము విమానము దిగు స్కిపోలు విమానాశ్రయమే మూడు మీటర్లకు పైగా దిగువన ఉన్నది. అది ఒకప్పుడు చెరువు. ఆ సంగతి తరువాత చెప్పెదము.

మొదట ప్రయాణపు సంగతులు. మన ప్రాంతము నుండి నేరుగా విమానము లేదు. ఎచటనో ఒకచోట మారవలెను. చూడబోవువారికి ఇచ్చు వీసా 90 దినములకు మించదు. దానితో చుట్టుపట్ల దేశములు అనేకము చూడవచ్చును. పిల్లలు అచట ఉండి ఖర్చు భరించువారైనచో వారు ఒక హామీపత్రముపై సంతకము చేసి తమ పురపాలక కార్యాలయమున ధ్రువపరచి పంపవలెను. ఆ కాగితము లేక, ప్రయాణపు బీమా లేక దరఖాస్తు పెట్టి త్రిప్పటపడిన వారిని ఎరుగుదుము. ముందుగనే చూచుకొనుడు.

ఏప్రిలు, మే నెలలు పోవుటకు మేలైన కాలము. ట్యూలిపు పూవుల తోటలు అప్పుడే పూయును. లిస్సే అను ఊరిలోని కోయ్‌కెన్‌హాఫ్ తోట మార్చి మధ్యనుండి మే మధ్య వరకు మాత్రమే తెరచి యుండును. పూవులను గూర్చి మేము విస్తరింపము. ఛాయాచిత్రములు అందరును చూచినవే. మే నెల అనగానే మన ఎండలను తలచుకొని పలుచని బట్టలతో పోరాదు. ఉన్ని చొక్కా ప్రతిదినము కావలసివచ్చెను. వాన ఏ గడియకు వచ్చునో చెప్పలేము. గొడుగు గాలికి తిరగబడును గనుక టోపీ గల వానకోటు ఉత్తమము. వేసవిలో రాత్రి పది గంటలకు గాని చీకటి పడదు. ఆరు గంటలకు దీపము పెట్టుకొను అలవాటు గల మనకు నిద్ర వేళ తెలియదు. శీతకాలమున మధ్యాహ్నము నాలుగున్నరకే చీకటి పడునని చెప్పిరి. గడియారము వేసవిలో మనకంటె మూడున్నర గంటలు, శీతకాలమున నాలుగున్నర గంటలు వెనుక నడచును. ఇంటికి ఫోను చేయునపుడు లెక్క చూచుకొనవలెను.

నాణెము యూరో. అయినను అనేక దుకాణములలో డబ్బు పుచ్చుకొనరు. బ్యాంకు కార్డు ఉండవలెను. రైలునకు, బస్సునకు, ట్రామునకు కూడ ఆ కార్డే టిక్కెట్టు. ఎక్కునపుడు స్తంభమునకో యంత్రమునకో దానిని తాకించవలెను, దిగినపుడు మరల తాకించవలెను. ఈ రెండవ తాకింపును మేము మొదటి దినముననే మరచితిమి. నాలుగు స్టేషనుల ప్రయాణమునకు ఎన్నో రెట్లు రుసుము కోయబడినది. తప్పు మాదే. దిగిన ఆనందములో స్తంభము వంక చూడక బయటకు వచ్చితిమి.

సైకిళ్ల విషయమున జాగ్రత్త అవసరము. ఆ దేశమున మనుష్యుల కంటె సైకిళ్లు ఎక్కువ. రోడ్డు ప్రక్కన ఎర్రని దారి కనబడినచో అది నడచువారిది కాదు, సైకిళ్లది. మేము చల్లగా ఆ దారి మధ్య నిలిచి ఒక చర్చి శిఖరమును చూచుచుండగా వెనుకనుండి వచ్చిన ఒక ముసలామె గంట కొట్టినది. జరుగకున్న కేక వేసినది. ఎనుబది ఏండ్లుండును. వెనుక బుట్టలో కాయగూరలు, ముందు బుట్టలో కుక్క. ఆమె కోపముతో అనలేదు. ఉన్నమాట ఉన్నట్లు మొగముననే చెప్పుట ఆ జనుల స్వభావము. దానిని అవమానముగా తీసికొనరాదు. అట్లే ముందుగా చెప్పకుండ ఒకరి ఇంటికి పోవుట అచట మర్యాద కాదు. మన వలె "ఇటు వచ్చితిమి, చూచి పోదమని" అనుట వారికి అర్థము కాదు. పుట్టినరోజు పండుగకు పోయినచో పుట్టినరోజు వానికే గాక వాని తల్లికి, తండ్రికి, తోబుట్టువులకు, వరుసగా అందరికిని అభినందనలు చెప్పవలెను. ఈ ఆచారము మాకు మిక్కిలి నచ్చినది.

భోజనము సంగతి. మధ్యాహ్నము రొట్టె, జున్నుగడ్డ, పాలు. అంతే. వేడి భోజనము సాయంకాలము ఆరు గంటలకు. కుళాయి నీరు నిస్సంకోచముగా త్రాగవచ్చును. శాకాహారులకు పూర్వపు కష్టము లేదు. హేగు నగరమున ఒక చిన్న పూటకూటి యింట మేము రొట్టె, బంగాళదుంప, పొడుగు బొబ్బరకాయల కూర తింటిమి. వడ్డించిన ఆమె మొగము మన దేశపు మొగము. మాట కొంత హిందీ వలె వినబడినది. ఆమె పుట్టినది దక్షిణ అమెరికాలోని సురినాములో. 1873లో లల్లా రూఖ్ అను ఓడ కలకత్తా నుండి కూలి జనమును డచ్చివారి వలసయగు సురినామునకు చేర్చినది. ఆ తరువాత నలుబది ఏండ్లకు పైగా ఓడలు అట్లు పోవుచునే యుండెను. 1975లో సురినాము స్వతంత్రమైన కాలమున ఆ సంతతివారు వేలకొలది హాలెండునకు తరలిరి. ఆమె ముత్తాత ఏ గ్రామము వాడో ఆమెకు తెలియదు. మమ్ములను చూచి డబ్బు పుచ్చుకొనుటకు కొంతసేపు తటపటాయించి, చివరకు పుచ్చుకొనెను.

హేగు నగరముననే జాతీయ దస్తావేజుల భాండాగారము కలదు. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ వారి కాగితములు అందు అరలపై సుమారు 1,200 మీటర్ల పొడవున పేర్చబడియున్నవి. 2003లో యునెస్కో వారు కంపెనీ కాగితములను ప్రపంచ స్మృతిగా నమోదు చేసిరి. గోల్కొండ సుల్తానుతో 1606లో కుదిరిన ఒప్పందము మొదలు, బందరు, నిజాంపట్నము, పులికాటు, పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్నము కొఠీల వ్యవహారమంతయు ఆ కాగితములలో నున్నది. వారు ఇచట ముఖ్యముగా కొన్నది మన నేతగాండ్ర బట్ట. బందరు కలంకారీ ఆ దేశమున ఎంత ప్రియమైనదనగా, ఉత్తరమున హిండెలోపెను అను ఓడరేవు స్త్రీలు దానిని తమ ఊరి వేషముగనే చేసికొనిరి. ఆంస్టర్‌డాములోని రైక్సు మ్యూజియమున ఆ నాటి అద్దకపు బట్టలు నేటికిని రంగు చెడక ఉన్నవి. రెంబ్రాంటు 1642లో చిత్రించిన రాత్రి గస్తీ చిత్రమును చూచుటకు జనము గుమిగూడు భవనము అదే. ఆ రెంబ్రాంటు తన దేశము విడిచి ఎన్నడు పోలేదు గాని, ఓడలపై వచ్చిన మొగలు చిత్రములను చూచి వానికి నకళ్లు గీసికొనెను. ఇరువదికి పైగా నకళ్లు దొరకినవి.

బట్టతో పాటు మనుష్యులను కూడ కొనిరి. ఇది చెప్పక విడుచుట న్యాయము కాదు. 17వ శతాబ్దమున కోరమండల తీరమున కరవులు వచ్చినప్పుడు ఆకలికి తాళలేక అమ్ముకొనబడిన వారిని, అమ్మివేయబడిన పిల్లలను వేలకొలది కొని ఓడలపై బటావియాకును సింహళమునకును పంపిరి. ఆ లెక్కలును ఆ అరలలోనే ఉన్నవి. 2022 డిసెంబరులో ఆ దేశ ప్రధానమంత్రియు, 2023 జులై 1వ తేదీన రాజును బానిస వ్యాపారమునకు క్షమాపణ చెప్పిరి. అచటి పత్రికలలో అది పెద్ద వార్త. మన తీరమున దానిని గూర్చి మాటలాడుకొన్నవారిని మేము చూడలేదు. భీమునిపట్నము 1824 నాటి ఒడంబడికను అనుసరించి 1825లో ఇంగ్లీషువారి చేతికి పోయినది. సమాధులు మాత్రము మిగిలినవి.

ఇక నీటి మాట. ఆ దేశమునకు పోయి నీటిని చూడక వచ్చినచో ఏమియు చూడనట్లే. ఈ విషయమున మా ప్రాంతపు వారికి ఒక అనుకూలము కలదు. చెరువు గట్టుపై నిలిచి, ఒక ప్రక్క ఎత్తున నీటిని, మరియొక ప్రక్క పల్లమున పొలమును చూచి పెరిగినవారము మనము. అచటను అంతే. కాలువ ఎత్తున నుండును, ఊరు పల్లమున నుండును. ఇంటి ముంగిట నిలిచిన మనిషి తల ఎత్తి చూచినచో గట్టు మీద పడవ పోవుచుండును. మన మదుము పై నీటిని క్రిందికి వదలును, వారి మర క్రింది నీటిని పైకి తోడును. వారి గాలిమరలలో చాల భాగము పిండి విసరుటకు గాక ఈ నీరు తోడుటకే కట్టినవి.

రాటర్‌డాము దగ్గర కిండర్‌డైకు అను చోట 1740 ప్రాంతమున కట్టిన మరలు 19 వరుసగా నిలిచియున్నవి. లోపలికి పోయి చూడవచ్చును. మర లోపల సంసారము ఉండెడిది. పొయ్యి, ఉయ్యెల, మంచము, అన్నియు ఆ ఇరుకులోనే. పొలములోని నీరు చిన్న కాలువలకు, అచటనుండి పెద్ద కాలువకు దిగును. మర చక్రము దానిని ఒకటి రెండు మూరల ఎత్తునకు ఎత్తి పై కాలువలో పోయును. పల్లము ఎక్కువైనచోట ఒక మర చాలదు. ఒకటి ఎత్తినదానిని మరియొకటి అందుకొని ఇంకను పైకి ఎత్తును. మన ఊరిలో ఏతము తొక్కిన ముసలివారు ఆ చక్రము దగ్గర నిలిచినచో వివరించి చెప్ప పనిలేదు. 1612లో బేమ్‌స్టరు అను పెద్ద సరస్సును ఇట్లే గాలిమరలతో తోడి పొలము చేసిరి. 1849 నుండి 1852 వరకు ఆవిరి యంత్రములతో హార్లెము సరస్సును తోడిరి. మేము చెరువు అని చెప్పిన విమానాశ్రయము ఆ సరస్సు అడుగున ఉన్నది.

ఈ పల్లమంతయు దైవము చేసినది కాదు. ఆ దేశపు పడమటి భాగమున కుళ్లిన నాచు, గడ్డి పేరుకొని ఏర్పడిన మెత్తని నేల ఉండెడిది. వేయి ఏండ్ల క్రిందట దానిని సాగు చేయుటకు నీరు తీసిరి. నీరు తీసిన కొలది ఆ నేల ఎండి కుంగినది. చాలక దానినే పెళ్లలుగా త్రవ్వి వంటచెరకుగా కాల్చిరి. గోతులు చెరువులైనవి, చెరువులు గాలికి గట్లు కోసికొని సరస్సులైనవి. కుంగుట నేటికిని ఆగలేదు. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్ల వంతున, కొన్నిచోట్ల అంతకు మించియు, నేల దిగుచునే ఉన్నది. సముద్రము పెరుగుచున్నది. ఆ దేశము వారు నీటిని జయించిరని వ్రాయు పుస్తకములు చాల గలవు. అచటి ఇంజనీర్లు ఆ మాట అనగా మేము వినలేదు.

మాకు మరల కంటె వింతగా తోచినది వారి నీటి మండలుల వ్యవస్థ. రాజు, పార్లమెంటు స్థిరపడక మునుపే, గట్టు క్రింద పొలము గలవారందరును కూడి గట్టును కాపాడుకొనుటకు ఏర్పరచుకొన్న సంఘములవి. రైన్‌లాండు మండలికి 1255లోనే ప్రభువు శాసనము ఇచ్చెను. అది నేటికిని పనిచేయుచున్నది. ఇప్పుడు దేశమంతటను అట్టి మండలులు 21. వానికి వేరుగా పన్ను, వేరుగా ఎన్నిక. చట్టప్రకారము నివసించు పరదేశికి కూడ ఆ ఎన్నికలో వోటు ఉన్నది. మేము దిగిన ఇంటికి మండలి నుండి పన్ను కాగితము వచ్చినది. "గట్టు మాకు కనబడదు, ఇచట మేము అద్దెకున్నవారము, మాకేల పన్ను?" అని మా పిల్లవాడు ప్రక్కయింటి పెద్దమనిషిని అడిగెను. ఆయన నవ్వి, "నీ గుమ్మము సముద్రము కంటె క్రిందుగా ఉన్నది నాయనా" అనెను.

పూర్వము గట్టును వంతులుగా పంచి, ఏ రైతు వంతు ఆ రైతు బాగు చేయవలెనని కట్టడి ఉండెడిది. చేయలేనివాడు తన వంతు గట్టులో పార గ్రుచ్చి ఊరు విడిచి పోవలెను. ఆ పారను పెరికినవానికి ఆ పొలమును, దానితో గట్టు బాధ్యతయు దక్కెడివి. ఎంత కఠినమైన న్యాయము! గట్టులో బొరియలు చేయు పందికొక్కు వంటి నీటి జంతువు ఒకటి ఆ దేశమున కలదు. దానిని పట్టుటకే నీటి మండలులు జీతగాండ్రను ఉంచినవి. చిన్న పడవలో బోనులు వేసికొని కాలువ వెంబడి పోవు అట్టి ఒకనితో మేము కొంతసేపు మాటలాడితిమి. వాని తండ్రియు ఆ పనియే చేసెనట.

వానితో మాటలాడునపుడు మాకు మా ఊరి చెరువు జ్ఞాపకము వచ్చినది. జమీందారీ నాళ్లలో తొలకరికి ముందు ఇంటికొక మనిషి పలుగు పార తీసికొని గట్టు పనికి పోయెడివాడట. కుడిమరామత్తు అనెడివారు. మా తాతగారి కాలము వరకు ఏదో ఒక రీతిని ఆ వాడుక నిలిచినది. పిమ్మట గట్టు అందరిది అయినది, కావున ఎవరిదియు కాకపోయినది. ఒక వర్షాకాలమున పందికొక్కు బొరియ నుండి నీరు కారుచుండుట మేము చూచి చెప్పవలసిన చోట చెప్పితిమి. వారు మరియొక చోటికి పొమ్మనిరి. అచటి వారు మొదటి చోటే సరియైనదనిరి. నాలుగవ నాటి రాత్రి గట్టు తెగి, దిగువ పొలములలో మొలక వేసిన నారంతయు ఇసుక క్రింద పడినది. అందులో మా మడులును రెండు కలవు. ఆ బొరియలో నాలుగు తట్టల బంకమన్ను వేసి త్రొక్కినచో సరిపోయెడిది. ఆ పని మేమును చేయలేదు. చెప్పితిమి గదా అని ఊరకుంటిమి.

ఇక రేడియో గల ఇండ్లవారు ప్రత్యేకముగా వినదగిన సంగతి ఒకటి కలదు. 1953 జనవరి 31, శనివారము. ఉత్తర సముద్రమున వాయవ్యపు తుపాను లేచినది. అదే రాత్రి పెద్ద పోటు. వాతావరణ శాఖవారు సాయంకాలముననే ప్రమాదమును గుర్తించి హెచ్చరిక పంపిరి. కాని ఆ రోజులలో ఆ దేశపు రేడియో అర్ధరాత్రి ప్రసారము ముగించి మూయబడెడిది. ఆ రాత్రియు అట్లే మూయబడినది. నీరు గట్లను తెంచునప్పటికి జేలాండు ద్వీపములలో జనము నిద్రలో నుండిరి. తెల్లవారునప్పటికి టెలిఫోను తీగెలు లేవు. కొన్ని ఊళ్ల నుండి మొదటి కబురు బయటికి చేర్చినవారు ఇంటిలో స్వంత ప్రసార యంత్రములు పెట్టుకొన్న ఔత్సాహికులు. చనిపోయినవారు 1,836 మంది. ఇల్లు విడువవలసినవారు డెబ్బది వేలకు పైగా.

మన తీరమునకు ఇట్టి రాత్రులు క్రొత్త కావు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పోయినవారు వేలకు వేలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరము దాటినపుడు మా ఊరిలో చెట్లు కూలి దినముల తరబడి దీపము లేదు. అంతవరకు మా బ్యాటరీ రేడియోను చూచి నవ్విన పిల్లలు ఆ వారము దాని చుట్టు చేరిరి.

1953 తరువాత డచ్చివారు సముద్రపు పాయల నోళ్లకు అడ్డుకట్టలు కట్టుటకు పూనుకొనిరి. ఆ పని నలుబది ఏండ్లకు పైగా సాగినది. అందు చూడవలసినది తూర్పు షెల్డు పాయ అడ్డుకట్ట. మొదట దానిని పూర్తిగా మూసివేయ తలచిరి. ఆల్చిప్పలు, గుల్లలు పట్టి బ్రదుకు జాలరులును, పక్షులను నీటి ప్రాణులను ప్రేమించువారును ఎదురు తిరిగిరి. ఉప్పునీటి ఆటుపోటులు ఆగినచో పాయ చచ్చునని వాదించిరి. తుదకు 62 ఇనుప తలుపులు గల కట్ట కట్టిరి. మామూలు దినములలో తలుపులు పైకి లేచి యుండును, సముద్రము లోనికి వచ్చి పోవుచుండును. తుపాను నాడు మాత్రము దింపుదురు. 1986లో రాణి దానిని ప్రారంభించెను. ఖర్చు మిక్కిలి పెరిగినది. అయినను జాలరుల మాట విని ఆ ఖర్చు పెట్టుకొనుట మాకు ఆ కట్ట కంటె పెద్ద పనిగా తోచినది. ఈ నడుమ నదుల విషయమునను వారు గట్లను ఎత్తుట తగ్గించి, కొన్నిచోట్ల వెనుకకు జరిపి, వరదకు చోటు విడుచుచున్నారు. అందుకై కొందరు రైతులు తాతల నాటి ఇండ్లు విడిచి పోవలసి వచ్చినది. ఆ సంగతి వారు సంతోషముగా చెప్పలేదు.

ఆ అడ్డుకట్టకు దూరము కాని ఔవర్‌కెర్కు అను చిన్న గ్రామమున వరద మ్యూజియము కలదు. 1953 నవంబరులో చివరి గండిని పూడ్చుటకు నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెలను తెచ్చి నీటిలో దింపిరి. ఆ పెట్టెలే నేడు మ్యూజియము. లోపల చల్లగా, చీకటిగా, గట్టు వాసనతో ఉండును. ఒక పెట్టెలో ఆ నాటి సామగ్రి: బురద పట్టిన బొమ్మలు, కుట్టుమిషను, ఔత్సాహికుల రేడియో యంత్రములు. మరియొక పెట్టెలో ఇసుక పరచియున్నది. దానిపై వెలుగుతో చనిపోయినవారి పేర్లు ఒకటొకటిగా వచ్చి జరిగిపోవుచుండును. ఒకే ఇంటిపేరు మరల మరల వచ్చుట చూచి మేము కొంతసేపు నిలిచిపోతిమి. అచటి లెక్క 1,836 అని ఒక్క సంఖ్యగా వ్రాయక 1,835, దాని ప్రక్కన ఒకటి కలిపి చూపిరి. ఆ ఒకటి ఏమని అడిగితిమి. ఆ రాత్రి నీటి నడుమ పుట్టి, తెల్లవారక మునుపే మునిగిపోయిన శిశువట. పేరు పెట్టుటకు గాని, పుట్టుక వ్రాయించుటకు గాని వ్యవధి లేకపోయినది.

ఆ మ్యూజియమునకు సగము దినము ఉంచుకొనుడు. పూవుల తోటకు పోవు జనములో పదవ వంతు కూడ అచట కానరారు. లోపల చలి ఎక్కువ, మే నెలలోనైనను ఉన్ని చొక్కా మరువరాదు.